రాగి కెటిల్, ఆరు సిట్టింగులు

మోల్డే, నార్వే,
ఫిబ్రవరి 12, మంగళవారం.

లాయరు హాల్వర్ టైగ్లాన్ గారి సముఖానికి ఓడ్వార్ నమస్కరించి రాసుకునేది.

ఇందుమూలంగా సమస్త జనులకూ చాటించడమేమనగా: తమరి ఆఫీసులో పెట్టే వాఫిల్స్ చెప్పు అట్టల్లా సాగుతున్నాయి; వాటి మీద బెల్లం రంగు చీజ్ ముక్క ఎదుటి గోడ కనిపించేంత పల్చగా ఉంది; నా కుర్చీ కిర్రుమంటోంది. ఈ మూడు నేరాలకూ తమరికి శిక్ష, ఈ ఉత్తరం ఆసాంతం చదవడం.

ఇక అసలు సంగతి. మీరంటే నాకు కడుపుమంట. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో విడిపోయేవాళ్లని కోర్టు మెట్లెక్కనివ్వకుండా తేల్చి పంపుతున్న చెయ్యి మీది. విడాకులిప్పించినందుకు మా అక్క మీకు ఏటా క్రిస్మస్ కార్డు పంపుతుంది. తోడబుట్టిన నాకు పంపదు.

అదీ పోనివ్వండి. నా పెళ్లాం గున్వోర్ ఇంట్లో నాతో మాట్లాడేది రోజుకి మూడు ముక్కలు: చెత్త, బూట్లు, తలుపు. మా విడాకుల సిట్టింగుకొస్తే మీ దగ్గర గంటసేపు గలగలా మాట్లాడుతుంది. మొన్న పక్కున నవ్వింది కూడా. ఆ నవ్వు విని నాలుగేళ్లయింది. నా జోకులకి రాని నవ్వు, పన్ను ఫారం గురించి మీరు చెబితే ఎలా వచ్చిందండీ?

పైగా మీ రూలొకటి. జవాబు చెప్పేముందు ఎదుటివాళ్ల మాట తిరిగి చెప్పాలి, వాళ్లు "అవును, అదే" అనేదాకా. మూడో సిట్టింగులో గున్వోర్, "ఈ ఇంట్లో నేను మాట్లాడినా జోకే, ఏడ్చినా జోకే" అంది. నేను తిరిగి చెబుతూ చివర్న ఓ జోకు తోకలా తగిలించాను. "తోక తీసి చెప్పండి ఓడ్వార్" అన్నారు మీరు. రెండోసారీ తోక వచ్చింది. మూడోసారి తోక లేకుండా చెప్పాను. "అవును, అదే" అంది గున్వోర్, నా వంక చూసి. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను సరిగ్గా విన్న మొదటి మాట అది. వినిపించింది మీరు. అందుకే ఇంకా మంట.

ఇల్లు, పడవ, కుక్క రెండు సిట్టింగుల్లో తేలిపోయాయి. తేలనిది రాగి కెటిల్ ఒక్కటే. గున్వోర్ రోజూ కాఫీ కాచుకునేది అందులోనే. అది మా నాయనమ్మదనీ, పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని "దీన్ని గడప దాటనివ్వకురా" అందనీ నేను భీష్మించుకున్నాను. నిన్న ఐదో సిట్టింగులో గున్వోర్ ఏమందో విన్నారుగా: "పోనీలే హాల్వర్, ఆ ముసలమ్మ మాటే నెగ్గనీ. గురువారం సంతకం పెట్టేస్తాను" అని. మీరు కాగితం తీశారు.

గురువారం ఆ కాగితం ముందు పెట్టకండి. ముందు నన్ను మాట్లాడనివ్వండి.

ఇట్లు,
మిమ్మల్ని చూసి ఓర్వలేని
ఓడ్వార్

తా.క.: మా నాయనమ్మ అలాంటి మాటేదీ అనలేదు. ఆవిడ కాఫీయే తాగేది కాదు. కెటిల్ బడి బ్యాండు వాళ్లు ఖర్చుల కోసం పెట్టిన పాతసామాన్ల సంతలో నేనే కొన్నాను, పెళ్లికి ముందు ఏడాది. తగువు తెగితే గున్వోర్ మాట వినే ఆ ఒక్క గంటా పోతుందని అల్లిన కథ. గురువారం ఇది ఆమెకు నేనే చెబుతాను, తోక లేకుండా. మీ రూలు ప్రకారం ఆమె తిరిగి చెప్పాలి కదా. "అవును, అదే" అనడానికి నేను సిద్ధంగా ఉంటాను.