తీగ మీద ఆరిన వార్త

గూడూరు,
16-11-1961

ప్రియమైన బాషా అన్నకు,

కృపాదానం సలాములు. తడలో అక్కయ్యగారింట నువ్వూ, వాళ్లూ కుశలమని తలుస్తాను. నేను క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

నువ్వు పత్రిక మూసి వెళ్లి మూడు వారాలైంది. ఒకే ప్రెస్సులో మంగళవారం నీ పత్రిక, శుక్రవారం నాది అచ్చువేసుకుంటూ, వార్త ఎవరు ముందు వేస్తే గూడూరు వాళ్లదేనని కొట్టుకున్నాం కదా. ఇప్పుడు మంగళవారాలు మిషను ఊరికే ఉంటోంది. ఆ రోజు కూడా నన్నే తీసుకోమన్నాడు ప్రెస్సు యజమాని. వద్దన్నాను. ఎందుకని అడిగితే కసురుకున్నాను. ఈమధ్య అందరినీ కసురుకుంటున్నాను.

మొన్న బస్సెక్కి కోట దాకా వెళ్లి, అక్కణ్ణుంచి నడిచి ఆ పాలెం చేరాను. గాలివానలో పడవ మునిగి పోలేరయ్యతో సహా ఆరుగురు పోయారని నువ్వు పెద్ద అక్షరాల్లో వేసిన వార్తను అక్కడి పంతులు చదివి వినిపించాడట. పోలేరయ్య భార్య నాగులమ్మ గాజులు పగలగొట్టుకుంది. అత్తే తాళి తీసింది. నీ పత్రిక వచ్చిన ఆ గురువారమే పోలేరయ్య పులికాట్ నుంచి రొయ్యల బుట్టతో నడిచొచ్చాడు. పెద్దలు మళ్లీ తాళి కట్టించారు. అయినా నాగులమ్మ అతణ్ణి సముద్రం మీదికి పోనివ్వడం లేదు. పడవ ఇసుకలోనే ఉంది.

నేను నిన్ను వెనకేసుకొస్తే ఆమె ఒక్క మాటే అన్నది. "కాయితంలో అచ్చుపడినాక అబద్ధమెట్టవుద్ది సామీ, అనుకున్నాం."

అన్నా, తిరిగి రా. జనం నిన్ను అబద్ధాలకోరంటుంటే వినలేకపోతున్నాను. పత్రిక లేకుండా నువ్వు ఉండలేవని నాకు తెలుసు.

నీ తమ్ముడు,
కృపాదానం

తా.క. ఇంత రాసీ అసలు సంగతి దాచాను. ఆ వార్త నేను కల్పించిందే. తీగ మీద ఆరేసిన నా ప్రూఫులు చూసి, మూడుసార్లు నా వార్తలు నాకంటే ముందు వేశావు. నిన్ను పట్టుకోవాలని ఆ సోమవారం దొంగవార్త కంపోజు చేసి, తడి ప్రూఫు నీ కంటపడేలా తగిలించాను. పోలేరయ్యలు పాలేనికొకరు ఉంటారని తెలిసీ, నిజంలా ఉండాలని ఆ పేరే పెట్టాను. శుక్రవారం నా పత్రికలో నిన్ను ఎండగట్టాను. కాపీలన్నీ పొద్దున్నే అయిపోయాయి. నా ప్రూఫులోంచి ఎత్తానని చెప్పుకోలేక నువ్వు ఊరు విడిచావు.

ఈ ఉత్తరం మొత్తం నీ మొదటి పేజీలో వెయ్యి. రేపటి నా పత్రిక ఆపేశాను. ఈ వార్త ముందు నీ మంగళవారం పత్రికలోనే రావాలి.