ఇప్ప చెట్టు మీది బదనిక

శుక్రవారం, తరిగొప్పుల

చెట్టుకు అదృష్టం పట్టిందని మా ఆయన పొద్దున అన్నడు గని, అది అదృష్టం కాదు, బదనిక. కొమ్మలోకి వేరు దింపి, చెట్టు నీళ్లు తాగి బతికే మొక్క. మా చెల్క తోటల పెద్ద ఇప్ప పైకొమ్మలు నిరుడే ఎండినయి. ఈ యేడు పక్కనున్న వేపలకూ పట్టింది. ఇప్పుడు పండ్లు పండుతున్నయి. పిట్టలు తిని, ముక్కుకంటిన జిగురు గింజలను ఇంకో చెట్టుకు రాస్తున్నయి.

"కొమ్మలు కొట్టిద్దామా?" అని అడిగిన.

"పుష్యమి నక్షత్రం దాక ఆగు. చెట్టుకు మొక్కి తియ్యాలె," అన్నడు.

"పిట్టలకు పంచాంగం చూసుడు రాదయ్యా."

"నీకు వచ్చు గద టీచరమ్మా, పోయి చదివి వినిపియ్యి."

నవ్విన గని ఆ నవ్వు నిలవలే. దవాఖాన నుంచి తాను బతికి వచ్చింది దర్వాజ మీద కట్టిన బదనిక వల్లనే అని ఆయన నమ్మకం. గుండెల వేసిన స్టెంటుకు మాత్రం ఒక్క దండం లేదు.

ఆగితే తోట పోతది. కొట్టిచ్చినంక ఆయనకు ఏమన్న అయితే... ఇన్నేండ్లు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, నాకు ఈ భయమేంది?

రేపు తోట చూసే యాకయ్యతోని పొడుగు వెదురుకు కొడవలి కట్టియ్యాలె. బదనిక పట్టిన చోటుకు మూరెడు ఇవతల, మొదలు దిక్కు కొమ్మ కొయ్యమనాలె. పెద్ద ఇప్ప మీద ఒక్క కుచ్చు మాత్రం, పండ్లన్నీ తెంపేసి, పుష్యమి దాక ఉంచమనాలె. అది ఆయన మొక్కి తీసుకుంటడు.

దర్వాజ మీదిది ఎవ్వరూ ముట్టద్దు.