గోనె కింద ఐసు

నాయనా, నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

ఈరోజు ఒకటో తరగతి పిల్లలకు ఐసు ఎట్లా కరుగుతుందో చూపించాను. ఒక ముక్కను పళ్లెంలో పెట్టి, ఇంకోదాన్ని నీ సోడాబండి మీద ఐసుగడ్డకు చుట్టినట్టే గోనెసంచిలో చుట్టాను. గోనె బయటి వేడిని ఆపుతుందని చెప్పి బోర్డు వైపు తిరిగానో లేదో, షాహీన్ దాన్ని విప్పేసింది.

"ఏందే పాపా, ఎందుకు విప్పినావ్?"

"దానికి ఉక్కపోస్తాంది మేడం."

తిట్టలేకపోయాను. బెల్లు కొట్టాక కూడా వరండాలో తిరుగుతూనే ఉన్నాను.

ఆళ్లగడ్డ బస్టాండులో నీ ఐసంతా నీళ్లయిపోయిన రోజు, గోనె తీశాడని అన్నను కొట్టావు. దానికి ఉక్కపోస్తోందని తీసింది నేను నాయనా.