నాలుగో బొమ్మ

అక్టోబరు 9
ల్యాబు, పంపుల గది పక్క బల్ల

మాస్టారికి,

మీరు మొండిఘటం అని పిలిచే శిష్యురాలు చేతులు జోడించి, తల మాత్రం వంచకుండా రాస్తున్నది. ఇక్కడ నేనూ, పంపులూ, అయస్కాంతమూ క్షేమం. ఆపరేషనయిన మీ కన్ను కుదుటపడిందనుకుంటాను. కంప్యూటరు తెర చూడొద్దన్నారట కదా, అందుకే ఈ ఉత్తరం.

నా థీసిస్ మీ ఎర్ర ఇంకుతో తడిసి తిరిగొచ్చింది. నాలుగో బొమ్మ తీసేస్తేనే సంతకం పెడతానన్నారు. తీయను. ఆ ముక్క ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది స్థిమితంగా చదువుకోండి.

మొదటిరోజు బోర్డు మీద గీసి చెప్పింది మీరే. పల్చటి పొరలోని ఎలక్ట్రాన్లను బాగా చల్లబరిచి పెద్ద అయస్కాంతంలో పెడితే, అవి నడిమధ్యను వదిలేసి అంచు వెంబడే వరుసలు కట్టి ఒకే దిక్కుకు నడుస్తాయన్నారు. బయటి వరుసకు కాస్త వేడి ఎక్కిస్తే పక్క వరుసకు పంచుతుందే తప్ప పోగొట్టుకోదన్నారు. అంటే రెండు వరుసలూ కలిపి చూస్తే ఇచ్చిందంతా దొరకాలి. నాకు దొరకలేదు. వెంట్రుక మందంలో పదోవంతు దూరం నడిచేసరికే అయిదో వంతు శక్తి మాయం! నాలుగో బొమ్మ చూపేది అదే.

థర్మామీటరు తప్పన్నారు. మార్చాను. తీగలన్నీ ఊడదీసి మళ్లీ అతికించాను. మూడు నమూనాలు మార్చాను. అయస్కాంత క్షేత్రాన్ని తిరగేసి ఎలక్ట్రాన్లను ఎదురు దిక్కున నడిపించాను. అటు నడిచినా అంతే పోయింది. నాలుగు నెలలుగా ఈ గదిలోనే ఉన్నానేమో, ఫోనులో పంపు మోత వినబడకపోతే మా అమ్మ ఒంట్లో బాగాలేదా అని అడుగుతోంది.

ఒక సవరణ గుణకం పెట్టి సర్దేయమన్నారు. సర్దేస్తే లెక్క కుదురుతుంది, సంతకం వస్తుంది, డిసెంబరులో ఉద్యోగంలో చేరతాను. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. అంతా తెలిసే రాస్తున్నాను. భయంగానే ఉంది మాస్టారూ. ఆ శక్తి ఎటు పోతోందో నాకు తెలియదు, తెలియదనే థీసిస్‌లో రాశాను. పోలేదని మాత్రం చచ్చినా రాయను.

కోపంతోనూ, అంతకు మించిన గౌరవంతోనూ,
మీ మొండిఘటం

తా.క.: మీరు ఇక్కడ విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ చల్లబరిచే హీలియం నింపుతున్న ల్యాబు తాతయ్య నిన్న పాత పంపు జరిపాడు. అదురు ఆగడానికి దాని కాలి కింద పెట్టిన నోటుబుక్కు బయటపడింది. ఇరవై ఏడేళ్లుగా అక్కడే ఉందట. అట్ట మీద మీ పేరుంది. నలభై ఒకటో పేజీలో మీరూ ఇదే కొలిచారు. అయిదో వంతు మాయం. దాన్ని ఎంత గట్టిగా కొట్టేశారంటే కాగితం చిరిగిపోయింది. పక్కనే వేరే ఎవరి చేతిరాతో, ఎర్ర ఇంకుతో, థర్మామీటరు తప్పని రాసి ఉంది. నాలుగో బొమ్మలో నా చుక్కల పక్కన మీ చుక్క కూడా పెట్టాను. కొట్టేయదలిస్తే ముందు మీదే కొట్టేయండి.