బయటి దండెం మీద తెల్ల చొక్కా

కరుణ నాన్నగారూ,

మీరు పోయి నేటికి నాలుగేళ్లు. మీ ఆదివారం చొక్కా ఉతికి, ఇవాళ మొదటిసారి బయటి దండెం మీద ఆరేశాను. బొగ్గు దుమ్ముకు భయపడి ఇన్నేళ్లూ తెల్లబట్టలు గదిలోనే ఆరేశాం కదా. "నల్లగైతది అమ్మమ్మా!" అని మనుమరాలు బెదిరింది.

కిందటేడు కాలుష్య నియంత్రణ అధికారులు పంచాయతీలో సభ పెట్టారు. "గాలి వల్ల మీ ఇళ్లలో ఎవరికైనా ఇబ్బంది ఉందా?" అని అడిగారు. పక్కింటి మరియమ్మ లేచి, "మా కోడలికి గాలి సోకింది సార్. పాస్టరయ్య ప్రార్థన జేసిండు, పోయింది" అంది. సభంతా నవ్వింది.

"కూసో మరియమ్మా, గా గాలి గాదు" అని నేను లేచి నా నోటుపుస్తకం చదివాను. టార్పాలిన్ కప్పని బొగ్గు లారీలు, మీరు దగ్గుతో నిద్రలేచిన తెల్లవారుజాములు, అన్నీ తేదీలతో ఉన్నాయి. అధికారి కాపీ అడిగాడు. ముట్టినట్టు సంతకం పెట్టించుకునే ఇచ్చాను.

మూడు నెలల్లో లారీలను ఊరి బయటి రోడ్డుకు మళ్లించారు. ఇప్పుడు మన వీధిలోకి భద్రాచలం బస్సు తప్ప పెద్ద బండి రాదు. దుమ్ము లేవకుండా ఆ బయటి రోడ్డు మీద నీళ్లు చల్లే ట్యాంకర్ ఈ నెలలో రెండు రోజులు ఎగ్గొట్టింది. అదీ రాశాను.

సాయంత్రం తడి వేలితో చొక్కా కాలరు రుద్ది చూశాను. వేలికి నలుపు అంటలేదు.

"గా చొక్కా ఎవరేసుకుంటరు టీచరమ్మా?" అని మరియమ్మ గోడ మీంచి అడిగింది.

"ఎవ్వరేసుకోరు. గాలి ఎట్లుందో చూస్తున్న."

"ఏ గాలి?" అంది.

మీరుంటే పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు దగ్గుతో ఆగిపోయేదీ కాదు.