మూడో కుర్చీలో తెగిన పోగు

చెన్నై, జూన్ 2

రాజపాళయం తాతకు, మనవరాలు సత్య నమస్కారం.

నీకు ఫోన్ చేస్తే వినపడదు. అవ్వకు చేస్తే వీధంతటికీ వినపడుతుంది. మన ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు గానీ చదివేది నువ్వూ నేనూ ఇద్దరమే. అందుకే ఈ రహస్యం ఉత్తరంలో.

ఇక్కడ ఒక పెద్ద సొలిసిటర్ల కంపెనీ ట్రైనీలను తీసుకుంటోంది. పదిహేడున అసెస్‌మెంట్ సెంటర్‌కు రమ్మన్నారు. ఇట్లాంటిది నాకు మూడోది. మొదటి కంపెనీవాళ్లు 'ఈమె నోరే తెరవలేదు' అన్నారు. రెండోవాళ్లు 'ఈమె ఇంకొకరిని నోరు తెరవనివ్వలేదు' అన్నారు. ఇదీ పోతే సేత్తూరు మామ తన నోటరీ ఆఫీసులో నాకు కుర్చీ, రబ్బరు స్టాంపు సిద్ధంగా పెట్టినాడు. జన్మంతా దాన్ని కొట్టుకుంటూ కూర్చోవాల. అమ్మకు చెప్పవద్దు. ఎంత మాట్లాడాలో నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ సత్య

తా.క.: మధ్యాహ్నం భోజనం చేసేటప్పుడు కూడా గమనిస్తారట. ఫోర్కుతో ఇడ్లీ తినడం నేర్చుకుంటున్నాను. ఇప్పటికి మూడు నేలపాలు.

*

రాజపాళయం, జూన్ 5

సత్య పాపకు తాత మాధవన్ దీవెనలు.

ఉత్తరం మూడుసార్లు చదివినాను. నాకు ఈ అక్షరాలు నేర్పినది బడి కాదు, గుంటూరు నుంచి మా నూలు మిల్లుకు వచ్చిన పత్తి మూటలు. మూట మీద లేని మాట వస్తే ఇప్పటికీ తడబాటే. సరి, దాన్ని విడువు.

అసెస్‌మెంట్ సెంటర్ ఎక్కడుందని ఇరులప్పన్‌ను అడిగినాను. మిల్లులో ముప్పై ఏళ్లు నా పక్క ఫ్రేమ్ వాడిదే, మా చెవులు పోయింది ఆ మోతలోనే. "బస్టాండు పక్కనే గదప్పా!" అని అరిచినాడు. వాడికి తెలియనివన్నీ బస్టాండు పక్కనే ఉంటాయి.

ఎంత మాట్లాడాలని గదా అడిగినావు. మిల్లులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పోగు తెగితే మేస్త్రి అరవడు. చేతిని పైనుంచి కిందికి లాగి ఒకచోట ఆపుతాడు. 'అక్కడ తెగింది, పోయి అతుకు' అని. నీ చిన్నప్పుడు మనం అవ్వకు తెలియకుండా మురుకుల డబ్బా చూపించుకున్న సైగే. మంచి మేస్త్రి కన్ను నూలు చుట్టుకునే కదుర్ల మీద ఉండదు, చుట్టుకోని ఒక్కదాని మీద ఉంటుంది. నువ్వూ అంతే చెయ్యి.

ఇట్లు,
తాత

తా.క.: ఇడ్లీ పెట్టేవాళ్లయితే మంచి కంపెనీయే. చేత్తో తిను.

*

చెన్నై, జూన్ 8

తాతకు నమస్కారం.

అసెస్‌మెంట్ సెంటర్ అంటే కట్టడం కాదు తాతా, ఒక రోజు. హోటల్లో ఆరుగురిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒక కేసు ఇస్తారు. మూలల్లో కూర్చుని మమ్మల్ని చూస్తూ రాసుకుంటారు. పోయినసారి కేసు ఇది: కింద రొట్టెల కొట్టు, మేడ మీద పాటల క్లాసు. పైవాళ్లకు పొగ, కిందివాళ్లకు మోత. కేసు తెగిందా లేదా అన్నది వాళ్లకు ముఖ్యం కాదు, ఎట్లా మాట్లాడినాం అన్నదే ముఖ్యం.

ఇట్లు,
సత్య

తా.క.: హోటల్ పేరు వెనక రాసినాను. ఊరికే, నీకు తెలియాలని.

*

రాజపాళయం, జూన్ 13

పాపకు దీవెనలు.

మన అరుగు మీద ఆరుగురం కూర్చుని నీ కేసు విచారించినాం. ఎదురింటి జానకియమ్మాళ్ అడిగింది: "పాడే పిల్లోళ్ల నోట్లో రొట్టె పెడితే మోత యాడుంటాది?" తొమ్మిది నిమిషాల్లో తెగిపోయింది. తర్వాత నీ ఉత్తరం మళ్లీ చూస్తే, తెగడం ముఖ్యం కాదని రాసినావు. అర్థమైంది. వకీళ్లు గదా, కేసు తెగితే పని పోతుంది. మళ్లీ కూర్చుని, తెగకుండా సాయంత్రం దాకా లాగినాం. జానకియమ్మాళ్ ఇప్పుడు అవ్వతో మాట్లాడడం లేదు.

ఒక మంచి మాట. కూతురింట్లో ఉండి కన్ను ఆపరేషన్ చేసుకోవాలని ఇరులప్పన్ చెన్నైకి వస్తున్నాడు. హోటల్ పేరు రాసిచ్చినాను. పదిహేడున కిటికీ అద్దం బయట నిలబడి నీకు సైగ చేస్తాడు.

ఇట్లు,
తాత

తా.క.: కన్ను సరిగా లేదని భయపడవద్దు. వాడి చేయి బాగుంది.

*

చెన్నై, జూన్ 18

తాతా,

ఏం పని చేసినావు! నీ ఉత్తరం పదిహేడు ఉదయం, నేను ఆటో ఎక్కుతుంటే అందింది.

హాలుకు ఒక పక్కంతా మసక అద్దం. బయట తెల్ల చొక్కా నీడ ఒకటి. మంచి ఎండలో అద్దం మీద నీళ్లు కారుతున్నాయి, నా కళ్లే చెమర్చినాయేమో అనుకున్నాను. ఈసారి కేసు ఒక గోడౌన్ తగాదా. ఆరుగురిలో ఐదుగురం ఒకేసారి అరుస్తున్నాం. అప్పుడు ఆ నీడ చేయి పైనుంచి కిందికి వచ్చి సరిగ్గా మూడో కుర్చీ కాడ ఆగింది. ఆ కుర్చీలో మారిసెల్వి అనే పిల్ల. ఇరవై నిమిషాలుగా ఒక్క మాట లేదు.

నా నోరు మూసుకుని, "నీకేమనిపిస్తా ఉంది?" అన్నాను.

"చివరి పేజీ ఎవురూ చదవలేదా? ఆ గోడౌన్ బాడుగ గడువు పోయిన నెలే అయిపోయిందే" అనింది. కేసంతా తలకిందులు!

సాయంత్రం ఇంటర్వ్యూలో నా మనసు ఊరుకోలేదు. బయట మా తాత స్నేహితుడు ఉన్నాడని, ఆయన సైగ చూసే ఆమెను అడిగినానని ఒప్పుకున్నాను. ఇంటర్వ్యూ చేసే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన చాలాసేపు రాసినాడు. అయిపోయింది తాతా. సేత్తూరు మామను స్టాంపు ప్యాడుకు సిరా పోసి పెట్టమను.

ఇట్లు,
నీ సత్య

తా.క.: కవరు అంటించినాక ఫోన్ వచ్చింది, మళ్లీ చించినాను. తీసుకున్నారు తాతా! మారిసెల్విని కూడా! ఊరుకున్న పిల్లను మాట్లాడించినందుకు సగం, నిజం ఒప్పుకున్నందుకు సగం అన్నారు. సిరా పోయవద్దని చెప్పు.

*

రాజపాళయం, జూన్ 24

ట్రైనీ సొలిసిటర్ సత్యకు తాత దీవెనలు.

ఇరవై రోజులు దాచిన ఊపిరి ఈరోజు విడిచినాను. అవ్వ వీధంతా చెప్పి వచ్చింది. ఆ సందడిలో జానకియమ్మాళ్‌తో మాటలూ కలిసినాయి.

అయితే ఒక సంగతి. ఆపరేషన్‌కు ఇంకా నెల ఆగమన్నారని ఇరులప్పన్ నిన్న తిరిగి వచ్చినాడు. "రెండు గంటలు చేయి ఊపినానప్పా. నీ మనవరాలు నా పక్క తిరిగిందే లేదు. తలనిండా మల్లెపూలు పెట్టుకుని ఊరికే నవ్వతా ఉండింది" అని మొత్తుకున్నాడు. పరీక్షకు తలనిండా పూలు ఎందుకని అడిగితే సంచి చూపించినాడు. తాంబూలం సంచి. దాని మీద జగదీశ్ అనే పెళ్లికొడుకు పేరు, పక్కన పెళ్లికూతురి పేరు. హోటల్ పేరు కూడా ఉంది. నేను రాసిచ్చిన హోటల్ కాదు. అబ్బాయి తరఫు పెద్ద అనుకుని వాడికి నిశ్చితార్థం భోజనం కూడా పెట్టినారట.

మరి నీ అద్దం కాడ ఎవరు? మంచి ఎండలో అద్దం మీద నీళ్లు కారినాయని రాసినావు. అద్దం తుడిచేవాడు పాపా. పైనుంచి కిందికి తుడిచి చేయి ఆపినాడు, అంతే. ఆ కుర్చీలో పోగు తెగిందని నీకు ఎవరూ చూపలేదు. నువ్వే చూసినావు.

జరగని తప్పును పెద్దమనుషుల ముందు ఒప్పుకుని పని సంపాదించినావు. రేపు నీ కక్షిదారుల చేత మాత్రం అట్లా ఒప్పించవద్దు.

ఇట్లు,
తాత

తా.క.: ఇరులప్పన్‌కు ఇది చెప్పలేదు. 'మన పిల్లకు పని తెచ్చింది నా చేయే' అని బస్టాండు పక్కన అందరికీ చెప్పుకుంటున్నాడు. ఆ నిశ్చితార్థంవాళ్లు వాడు తిన్న భోజనం మీద ఎప్పుడైనా కేసు వేస్తే, నీ మొదటి కక్షిదారు వాడే.