మైకు పోని గల్లీ

ఫిబ్రవరి 16

నామినేషన్ వేసొచ్చాను. మూడోసారి.

ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండానే నవ్వాడు. "మల్లొచ్చినవా మైకు నర్సయ్యా?" వచ్చాను. రాక ఎక్కడికి పోతాను.

మున్సిపల్ చైర్మన్ పదవికి స్వతంత్ర అభ్యర్థి, మైక్ సెట్ల దుకాణం నర్సయ్య. ఇక్కడ రాసుకుంటే నాకే నవ్వొస్తోంది. ప్రతిపాదించింది ఎప్పటిలాగే రిక్షా ఖాదర్ భాయ్. సంతకం పెట్టి, "జీతేతో పహలే మేరేకు చాయ్ పిలానా" అన్నాడు. గెలిచేదాకా ఎందుకని అప్పుడే తాగించాను.

బాలమణికి చెప్పలేదు.

ఫిబ్రవరి 17

తెలిసిపోయింది. కూరగాయల దగ్గర ఎవరో అన్నారట.

అన్నం పెట్టి కంచం పక్కనే కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నిలబడితే నిలబడు. గని పోరి పేరు మైకుల తియ్యకు. నా చెవుల పడితే నాకు ఆ దినం మల్లొస్తది."

సువర్ణ. ఇక్కడ రాయొచ్చు కదా, ఇది ఎవరి చెవినీ పడదు. మా సువర్ణ. గల్లీ మలుపులోని మున్సిపాలిటీ బావిలో పడిన రోజుకి పలకా బలపం వయసు. బావికి గోడ లేదు. దిగడానికి నిచ్చెన దొరకలేదు. ఇల్లిల్లూ అడిగి ఎవరో తెచ్చేసరికి...

అందుకే మొదటిసారి నిలబడ్డాను. అందుకే నిచ్చెన గుర్తు అడిగి తీసుకున్నాను. ఊళ్ళో ప్రతి బావికీ గోడ కట్టాలి. నా మేనిఫెస్టో మొత్తం ఇంతే. రెండుసార్లూ మైకులో బిడ్డ పేరు చెప్పుకుంటూ తిరిగాను, రెండుసార్లూ డిపాజిట్ పోయింది. రెండుసార్లూ పోలింగు నాడు బాలమణి ఓటు వేయకుండా కొమురవెల్లికి, తల్లిగారింటికి వెళ్ళిపోయింది.

మాటిచ్చాను. పేరు తియ్య. మన గల్లీలకు మైకే తేను. ఇంట్ల ఎలచ్చన్ల ముచ్చటే ఉండదు.

"నిజంగనా?"

నిజంగా.

ఫిబ్రవరి 21

ఇంటి ముందు గోడ మీద పోయినసారి వేసిన నిచ్చెన ఇంకా ఉంది. నీలం వెలిసి బూడిద రంగుకు తిరిగింది. బాలమణి ప్రతి దసరాకీ గోడంతా సున్నం వేస్తుంది, ఆ నిచ్చెన మీదికి మాత్రం కుంచె పోనీయదు. చుట్టూ వేసి వదిలేస్తుంది. తాకడం కూడా చీదరేమో. నేనే ఒకరోజు తుడిపేయాలి.

ఫిబ్రవరి 25

గుర్తులు ఇచ్చారు. నిచ్చెన పోయింది.

పిండిగిర్ని సత్తయ్య కూడా ఈసారి స్వతంత్రంగా నిలబడి నిచ్చెనే అడిగాడు. చీటీలు వేశారు. వాడి పేరొచ్చింది. నాకు గొడుగు.

"ఆన్ని ఎవలో నిలబెట్టిన్రు భాయ్, నీ ఓట్లు చీల్చనీకి" అన్నాడు ఖాదర్ భాయ్.

"నా ఓట్లెక్కడున్నయి భాయ్, చీల్చనీకి?"

ఇద్దరం నవ్వాం. నిచ్చెన అంటే నాకు ఓటు గుర్తు ఒక్కటే కాదు. సత్తయ్యకు ఆ సంగతి తెలియదు. వాడితో గొడవ పెట్టుకుని ఏం లాభం.

ఫిబ్రవరి 28

కరపత్రాలు వచ్చాయి. గొడుగు బొమ్మ బాగానే పడింది. కట్టలన్నీ దుకాణంలోనే పెట్టాను. ఇంట్లో ఒక్క కాగితం లేదు.

మార్చి 2

రిక్షాకు మైకు కట్టుకుని పొద్దుటి నుంచి తిరుగుతున్నాం. మాట రావడం లేదు. పెళ్ళిళ్ళలో, జాతరల్లో ఎంతమందికి మైకు పెట్టినవాణ్ణి, నా మైకు ముందే నేను నీళ్ళు నములుతున్నాను. "బావులకు గోడలు కట్టాలి, మన గుర్తు గొడుగు గుర్తు" అంటాను. అయిపోతుంది. తర్వాత సువర్ణ పేరు వస్తుంది నోటిదాకా... మింగేస్తాను.

ఖాదర్ భాయ్ తొక్కడం ఆపి వెనక్కి చూశాడు. "అరె భాయ్, బోలోనా. బిడ్డ పేరు చెప్తెనే గదా మంది నిలబడి ఇంటరు."

"మాటిచ్చిన భాయ్."

మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

మార్చి 4

ఒకామె వాకిట్లోంచి అంది. "ఎండిన బాయికి గోడెందుకే అన్నా? బోరింగులొచ్చినయి, ఇంక బాయిల ముఖం ఎవలు జూస్తున్నరు?"

నిజమే. మా మలుపు బావి కూడా ఎండిపోయింది. ఇప్పుడు అందులో చెత్త వేస్తున్నారు. అయినా లోతు తగ్గిందా? ఆమె పిల్లవాడు గడపలో నిలబడి నా గొడుగు కాగితంతో పడవ చేస్తున్నాడు.

మార్చి 5

మా గల్లీ మొదట్లో మైకు ఆపేశాం. రిక్షాను అటునుంచే చుట్టూ తిప్పుకుపోయాం. అరుగు మీద కూర్చున్న ముసలాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. జాలి పడుతున్నారని తెలుస్తూనే ఉంది. ఈ గల్లీలో రెండుసార్లూ నాకు పడ్డవి లెక్కలోకి రావు. ఇక్కడ ఓటు అడగకపోతే పోయేదేమీ లేదు.

మార్చి 8

ప్రచారం ఆఖరి రోజు. పాత బస్టాండు దగ్గర పార్టీల జీపులు, డప్పులు. ఆ హోరులో మా రిక్షా ఒక మూల. మైకు పట్టుకున్నాను. ఒక్కసారి అంటే ఏమవుతుంది, ఇక్కడి నుంచి ఇంటిదాకా వినపడదు కదా అనిపించింది. "సు" అన్నాను. నా గొంతు నాకే రిక్షా మీది మైకు భోంగలోంచి తిరిగి వినపడింది. స్విచ్ తీసేశాను.

ఇంటికి వచ్చాను. బాలమణి సంచీ సర్దుకుంటోంది. కొమురవెల్లికే కాబోలు. అడగలేదు. ఇంట్లో ఆ ముచ్చట ఉండదని అన్నది నేనే.

మార్చి 10

పోలింగు.

పొద్దున్నే వెళ్ళి మొదట నా ఓటు వేసుకుని, ఖాదర్ భాయ్‌తో పోలింగు బూత్‌లన్నీ తిరిగాను. పొద్దు గూకాక ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కుంకుమ భరిణె ఉంది. బాలమణి గడపలో కూర్చుని ఉంది. కొత్త చీర.

"కొమురెల్లికి పోలేదా?"

"సంచి సర్దిన గని పోలేదు. ఓటేసొచ్చిన."

చెప్పులు విడిచి ఎదురుగా కూర్చున్నాను.

"మాట నిలబెట్టుకున్నవు. ఒక్క దినం గూడ పోరి పేరు చెవుల పడలే. ఎంత కష్టమైందో నీకు, నాకెర్క లేదనుకున్నవా?" కుంకుమ భరిణె ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు పోంగనె గల్లీల ఇల్లిల్లు తిరిగిన. బొట్టు వెట్టి పిలిచిన. బిడ్డ బతికుంటె పెండ్లికి పిలిచేటిదాన్ని గద ఈ పాటికి. గట్లనె పిలిచిన. అందరొచ్చిన్రు. అందర్ని ఎంబడి వెట్టుకొని తోల్కపోయిన."

భరిణె మూత పెట్టింది.

"అందరం నిచ్చెన మీదనె గుద్దినం."

నిచ్చెన ఈసారి నాది కాదు.

ఆమె ఏడుస్తోంది. ఇన్నేళ్ళకు. ఏడుస్తూ నవ్వుతోంది. "ఆ దినం నిచ్చెన దొరకలే. గియ్యాల నా చేతులతోటి నిచ్చెన ఇచ్చొచ్చిన పోరికి. సువర్ణ నాయినా, జర మనసు నిమ్మలమైంది."

సువర్ణ నాయినా. బిడ్డ పోయాక ఆ పిలుపు ఈ ఇంట్లో వినలేదు.

మార్చి 11

చెప్పలేదు.

ఆమెకు చదువు రాదు. గల్లీలోకి మైకు రాలేదు. ఇంట్లో కాగితం లేదు. గోడ మీద నిచ్చెన ఉంది. ఇంకేం తెలుస్తుంది ఆమెకు? ఆమె చెవులు కాపాడబోయి నేనే...

పొద్దున అన్నం పెడుతూ పాట తీసింది. పాత బతుకమ్మ పాట. ఇలాంటప్పుడు ఎట్లా చెప్పాలి.

మార్చి 12

లెక్కింపు. గెలిచినవాడు గెలిచాడు, పటాకులు కాల్చారు. నాకు డిపాజిట్ రాలేదు. దానికి బాధ లేదు, అలవాటే.

మా గల్లీ పెట్టె తెరిచినప్పుడు అక్కడే నిలబడ్డాను. నిచ్చెన, నిచ్చెన, నిచ్చెన. లెక్కపెట్టే ఆయనే ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళ తర్వాత మా గల్లీ నాకు ఓటేసింది. నా పేరు లేని చోట వేసింది.

ఖాదర్ భాయ్ తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమట కాదు.

ఇంటికి వచ్చాను. "నిచ్చెనకు పడ్డయా?" అంది బాలమణి.

"మస్తు పడ్డయి" అన్నాను. అబద్ధం కాదు.

మార్చి 13

సత్తయ్య దుకాణానికి వచ్చాడు. "మామా, మీ గల్లోళ్ళు నాకెందుకేసిన్రో సమజైతలేదు. ఒక్కసారొచ్చి అందరికి దండం వెట్టి పోత."

"రాకురా" అన్నాను. "నీ కాళ్ళు మొక్కుత, మా గల్లీలకు మాత్రం రాకు."

పెద్దవాడు కాళ్ళు మొక్కుతాననేసరికి వాడు భయపడ్డాడు. వెళ్ళిపోయాడు. ఎన్నాళ్ళు ఆగుతాడు? గల్లీలో చదువొచ్చిన వాళ్ళున్నారు, బొట్టు పెట్టి పిలిచిన తల్లి మాట కాదనలేక గుద్ది ఉంటారు. వాళ్ళెన్నాళ్ళు ఊరుకుంటారు? ఆమెకు తెలిస్తే నా నోటి నుంచే తెలియాలి. రేపు చెప్తాను.

మార్చి 14

చెప్పబోయాను. నిజంగానే నోరు తెరిచాను.

"బాలా..."

"నేనొకటనుకున్న" అంది, నన్ను ఆపి. "మల్లొచ్చేపాలి నేను గూడ రిక్షాల కూసుంట. పోరి పేరు నువ్వు చెప్పకు. నేనె చెప్త మైకుల. నా బిడ్డ పేరు సువర్ణ, మా గుర్తు నిచ్చెన గుర్తు అని."

నా ముందు ఆ పేరు ఆమె నోట వచ్చింది. గట్టిగా, వాకిట్లోకి వినపడేటట్టు.

గోడ మీద నిచ్చెన వెలిసిపోయిందట, ఇప్పుడే దిద్దాలట. ఇన్ని దసరాలకూ సున్నం తగలకుండా చూసుకున్నానని చెప్పింది. అది చీదర కాదు.

సున్నం తానే తడిపి పెట్టింది. నన్ను నీలం తెమ్మంది. చెప్పులు వేసుకున్నాను. బయటికి వెళ్ళలేదు, ఇది రాస్తున్నాను. లోపలి నుంచి అడుగుతోంది, ఇంకా పోలేదా అని.